పండరి తల ఊపిన రాత్రి

వరంగల్ కాశిబుగ్గలో పండరికి ఉన్నంత మంచిపేరు తెచ్చుకోవడం ఎవరికైనా కష్టమే. "పండరా? బంగారమసొంటి మనిషి. ఏదన్న అడుగు, కాదనడు," అంటారు. నిజమే, కాదనడు. సంఘం మీటింగులో ఎవరు ఏ మాట పెట్టినా తల ఊపుతాడు. ఆ మాటను కొట్టేస్తూ ఇంకొకరు లేస్తే వాళ్ళ వంక చూసి కూడా తల ఊపుతాడు. ఒకసారి పక్కింటివాళ్ళు తమ ట్రాలీ ఆటోను మీ గుమ్మం ముందు పెట్టుకుంటామంటే తల ఊపాడు. తెల్లారి తలుపు తీసి, దారికి అడ్డంగా నిలబడ్డ ఆ బండిని చూసి తెల్లమొహం వేశాడు. జనం ఆయన్ని మెచ్చుకునేది ఇలాంటి వాటికే. అసలు సంగతి ఆయన భార్య సరస్వతికి ఒక్కదానికే తెలుసు. పండరికి చెవులు వినపడవు.

ఏదో కాస్త తక్కువ అనుకునేరు. అసలు వినపడవు. ఉరుము ఉరిమితే ఛాతీలో అదిరినట్టు తెలుస్తుంది, లారీ పోతే కాళ్ళకింద నేల చెబుతుంది. మిగతా లోకమంతా ఆయనకు మూగది.

పుట్టింది జంఖానాలు నేసే ఇంట్లో. మీసాలు సరిగ్గా మొలవకముందే బొంబాయి పక్కనున్న భీమండికి రైలెక్కాడు. అక్కడ ఒకే రేకుల షెడ్డు కింద వరసలు వరసలుగా మరమగ్గాలు. మనవాళ్ళు వాటిని సాంచెలంటారు. రాత్రీ పగలూ దడదడ. ఆ మోతలో నోరు చించుకునేవాడు కొత్తవాడని అందరికీ ఇట్టే తెలిసిపోయేది. పాతవాళ్ళు చేతులతో, పెదవులతో మాట్లాడుకునేవారు. రెండు వేళ్ళు ఆడిస్తే నూలు కండె అయిపోయిందని. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే సేటు వస్తున్నాడని. ఎవరేం చూపించినా అవతలివాడు తల ఊపాలి. అలా ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. 'నిన్ను చూసిన' అని, అంతే. చూడనివాడు చెయ్యి సాంచెలో పెట్టేస్తాడు గనుక ఆ షెడ్డులో అదే పెద్ద మర్యాద. పండరి జీవితంలో సగం ఆ మర్యాదలోనే గడిచింది. తిరిగి వరంగల్ వచ్చి ఇక్కడ సాంచెల మీదే పనికి కుదురుకున్నాక కూడా ఆ తల ఊపు ఆగలేదు. మన ఊళ్ళో దానికి ఒప్పుకున్నాడని అర్థం ఉందన్న సంగతి ఆయన పట్టించుకోలేదు.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత కుక్కర్ కూత పోయింది. తర్వాత ఫోను, ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు, చివరికి మగవాళ్ళవి. పోతున్నప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళే మెల్లగా మాట్లాడుతున్నారేమో అనుకున్నాడు.

మరి చెప్పుకోవచ్చుగా అంటే, చెప్పుకోలేడు. ఆయన తండ్రి వెంకటరాజం కూడా ఇంటి మగ్గం విడిచి బట్టల మిల్లుకు పోయి చెవులు పోగొట్టుకున్నవాడే. వాడకట్టంతా ఆయన్ని 'చెవిటి రాజం' అనేవారు. ఆయన ఎదుటే నిలబడి ఆయన మీద పరాచికాలాడేవారు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, చిన్నప్పుడు పండరి కూడా తోటిపిల్లలతో కలిసి తండ్రి వీపు వెనక నిలబడి నోటికొచ్చింది అని నవ్వేవాడు. ఆయన వెనక్కి తిరిగి, కొడుకు నవ్వుతున్నాడు కదా అని తనూ నవ్వేవాడు. పొగరుబోతు అన్నా, పరధ్యానం మనిషి అన్నా పడతాడు గానీ, ఆ 'చెవిటి' మాట మాత్రం పడలేడు.

అందుకే ఇంట్లో సరస్వతే కాపలా. ఎవరైనా వస్తే భర్త ఎదురుగా కూర్చుని, వాళ్ళన్నది చప్పుడు లేకుండా పెదవులతో మళ్ళీ అంటుంది. ఇంటర్‌కే హైదరాబాద్ హాస్టల్‌కు పోయి, చదువూ ఉద్యోగమూ అక్కడే సాగించి, కిందటేడు మడికొండ ఐటీ పార్కుకు బదిలీ చేయించుకుని ఇంటికొచ్చిన కూతురు సంధ్యారాణికి కూడా ఈ నాటకం అంతుపట్టలేదు. సాంచెల మనుషులు కదా, జర గట్టిగా మాట్లాడాలి అనుకుంది. బాపు ఎదుట నిలబడి మాట్లాడితే బాపు జవాబు చెబుతూనే ఉన్నాడు. పిల్లకు ఇంకేం అనుమానం వస్తుంది?

ఆ సంధ్యారాణే ఒక సాయంత్రం చెప్పులు విడుస్తూ, తలొంచుకుని ఏదో అడిగింది. పండరి తల ఊపాడు. శనివారం నాడు ఆమె కొత్త బూట్లు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టినప్పుడు గానీ, తాను దేనికి తల ఊపాడో తెలిసిరాలేదు. ఆఫీసువాళ్ళతో గుట్ట ఎక్కడానికి!

"అమ్మకు మోకాళ్ళు నొస్తయ్, రాదు. నువ్వన్న రా బాపూ. ఎప్పుడన్న సాంచెలు ఇడిసిపెట్టి బయటికి పోయినవా?" అంది కూతురు, ఈసారి ఆయన ఎదురుగా కూర్చుని.

సరస్వతి కూతురి వెనక నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపింది. కానీ పిల్ల మొహం అలా వెలిగిపోతుంటే ఏ తండ్రి మాత్రం వద్దంటాడు? సరస్వతి లేకుండా కొత్తమనుషుల మధ్య ఒక పూట గడపాలి. అయినా బూట్లలో కాళ్ళు పెట్టాడు.

మర్నాడు పాలంపేట దాటి, పొలాలు అయిపోయి, అడవి మొదలయ్యేచోట వ్యాను ఆగింది. దిగింది ఐదుగురు. పండరి, కూతురు, ఆమెతోపాటు పనిచేసే దివ్య, ప్రశాంత్, ఇంకా వాళ్ళ ఆఫీసులోనే పెద్ద హోదాలో ఉండి, సెలవొస్తే చాలు గుట్టలు పట్టుకుని తిరిగే మహిపాల్. పొద్దున్నే ఎక్కి, పైన తిని, చీకటి పడకముందే దిగిపోవాలన్నది లెక్క.

పండరికి దివ్యతో చిక్కు లేదు. ఆ పిల్ల పెదవులు స్పష్టంగా కదుపుతుంది. ప్రశాంత్ కాస్త గొణుగుతాడు గానీ, ఫర్వాలేదు. చిక్కంతా మహిపాల్‌తోనే. ఆ మనిషికి ఒత్తయిన మీసం, పై పెదవే కనిపించదు. దాంతో ఆయన ఏం చెప్పినా పండరికి మీసం కదలడం తప్ప మరేమీ తెలియడం లేదు. దారి చూపేవాడు, జాగ్రత్తలు చెప్పేవాడు ఆయనే. పండరి ప్రతిసారీ తల ఊపాడు. "మీ నాన్న చాలా డిసిప్లిన్ సంధ్యా," అన్నాడట మహిపాల్. సంధ్యారాణి మురిసిపోతూ ఆ మాట తండ్రికి చెప్పింది.

ఎక్కడం బాగానే ఎక్కారు. పైన పులిహోర తిన్నారు. తింటూ ఉండగానే మబ్బు కమ్మింది. వాన మొదలైందంటే మొదలైంది, ఇక ఆగలేదు. దిగేదారిలో పొద్దున తడి కూడా లేని వాగు, ఇప్పుడు ఎర్రగా బండలను కొట్టుకుంటూ పోతోంది. మహిపాల్ ఒక కర్ర దించి చూశాడు. కర్ర చేతిలోంచి కొట్టుకుపోయింది. అందరూ వెనక్కి తిరిగి, పైకి పాకి, రెండు పెద్ద బండల నడుమ ఉన్న గుహలోకి దూరారు.

గుహ అంటే పెద్దదేం కాదు. ముందు భాగంలో వంగకుండా నిలబడవచ్చు. లోపలికి పోయేకొద్దీ కప్పు దిగివచ్చి నేలను తాకుతుంది. గబ్బిలాల కంపు ముక్కులు పగలగొడుతోంది. ఆ మూల మహిపాల్ వంగి నేల మీద ఏదో చూసి, కాలితో పక్కకు నెట్టాడు. పేడలాంటిది, గింజలు గింజలుగా ఉంది. దివ్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె చెయ్యి తీసినప్పుడు పెదవుల మీద ఒక్క మాట పండరికి స్పష్టంగా దొరికింది: గుడ్డెలుగు.

ఫోన్లకు సిగ్నల్ లేదు. తెల్లారేదాకా ఇక్కడే అని ఎవరూ చెప్పనక్కర్లేకుండా అందరికీ అర్థమైంది. ఎండు కొమ్మలు కొన్ని దొరికితే చిన్న మంట వేసుకున్నారు.

పండరికి అసలు భయం అప్పుడు మొదలైంది. ఎలుగు సంగతి తర్వాత. ముందు ఆయన్ని తినేసింది చీకటి. వెలుతురు తగ్గేకొద్దీ ఎదుటివాళ్ళ పెదవులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మొదట గొణిగే ప్రశాంత్, తర్వాత దివ్య, ఆఖరికి పక్కనే కూర్చున్న కన్నకూతురు. మంట ఎగసినప్పుడు ఒక ముక్కు, ఒక గడ్డం, తళుక్కుమనే కళ్ళజోడు కనిపిస్తాయి, మళ్ళీ నలుపు. ఇంట్లో కరెంటు పోతే సరస్వతి ఆయన అరచేతిలో వేలితో రాసి చెప్పేది. ఇక్కడ చెయ్యి పట్టుకునేవాళ్ళు ఎవరున్నారు? తనను ఎవరో మూటగట్టి బావిలో దించినట్టనిపించింది.

దివ్య పళ్ళు తెల్లగా మెరిశాయి. ఏదో జోకు నడుస్తోందనుకుని పండరి గట్టిగా నవ్వాడు. నలుగురూ ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. ఆ పిల్ల నవ్వడం లేదు, చలికీ భయానికీ పళ్ళు టకటకలాడుతున్నాయి. పండరి నవ్వు ఆపేశాడు. ఎవరో ఏదో అన్నారు, ఆయన తల ఊపాడు.

కాసేపటికి మహిపాల్ లేచి వచ్చి ఆయన ముందు గొంతుకూర్చున్నాడు. మంట ఆయన వీపు వెనక ఉంది. నల్లటి తలకాయ ఒకటి అటూ ఇటూ కదులుతూ చాలాసేపు మాట్లాడింది. బయటికి చెయ్యి చూపించింది, పడుకున్నవాళ్ళను చూపించింది. పండరి తల ఊపాడు. మహిపాల్ ఆయన భుజం తట్టి, చేతిలో ఒక స్టీలు పళ్ళెం, ఒక గరిటె, ఒక టార్చిలైటు పెట్టి, వెళ్ళి బ్యాగు మీద తలవాల్చాడు.

పళ్ళెం, గరిటె చూసుకుంటూ పండరి కాసేపు అయోమయంగా కూర్చున్నాడు. తర్వాత తట్టింది. కాపలా! తనను కాపలా పెట్టారు. ఎలుగు అలికిడి వినిపిస్తే పళ్ళెం కొట్టాలి. అలికిడి వినాల్సినవాడు తాను. ఆ ధీమాతో నలుగురూ నిద్రపోతున్నారు, అందులో తన బిడ్డ ఒకతి.

లేపి చెప్పేస్తే? రెండుసార్లు చెయ్యి చాపాడు సంధ్యారాణి భుజం మీదికి. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. రేపు మడికొండ ఆఫీసులో టీ తాగుతూ అనుకుంటారు, సంధ్యా వాళ్ళ నాన్న చెవిటాయన అట, అయినా కాపలా కూర్చున్నాడట అని. ఆ నవ్వులు ఆయనకు వినపడకపోయినా బిడ్డకు వినపడతాయి. కళ్ళు ఉన్నాయి కదా, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంటే సరిపోదా? ఇదీ ఆయన తనకు తాను చెప్పుకున్న సమాధానం. పరువు కోసం మనిషి తనకు తాను చెప్పుకోని అబద్ధం ఉండదు.

కూర్చున్నాడు. బయటి చీకట్లో ఏ పొద చూసినా వీపు వంచి వస్తున్నట్టే ఉంది. టార్చి వేస్తే పొద. ఆర్పితే మళ్ళీ ఎలుగు. వెనకనుంచి వస్తే అన్న ఆలోచన వచ్చాక, వీపును బండకు ఆనించుకున్నాడు. బండ సన్నగా అదురుతోంది. వాగు ఎక్కడో పొర్లుతోందన్నమాట. ఆ అదురులో ఎలుగు అడుగులు కలిసినా తనకు తెలియదు.

ఎప్పుడు లేచిందో సంధ్యారాణి లేచింది. పడుకున్నవాళ్ళను దాటుకుంటూ వచ్చి తండ్రి పక్కన వంగింది. మంట బాగా తగ్గిపోయి నిప్పులే మిగిలాయి. ఆమె మొహం నల్లగా ఉంది. ఏదో చెప్పింది. పండరి తల ఊపాడు. బయటికి చెయ్యి చూపించింది, టార్చిని వేలితో తాకి ఇంకేదో చెప్పింది. మళ్ళీ తల ఊపాడు. ఆమె బయటికి అడుగుపెట్టింది.

పెద్దపిల్ల, రాత్రిపూట ఎందుకు బయటికి పోతోందో అడగాలా? వెలుతురు పడకుండా చూడమని చెప్పి ఉంటుందనుకున్నాడు. మర్యాద తెలిసిన తండ్రి ఏం చేస్తాడో అదే చేశాడు. టార్చి ఆర్పేసి, మొహం గుహ లోపలికి తిప్పుకుని కూర్చున్నాడు.

కాసేపైంది. ఇంకాసేపైంది. వెనక్కి తిరిగి చూడడానికి సిగ్గు. పిల్ల ఎదురైతే బాగుండదు. నేనిక్కడే ఉన్నా, రావచ్చు అన్నట్టు గట్టిగా ఒకసారి దగ్గాడు. దగ్గి, బదులు కోసం ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నప్పుడు గానీ తట్టలేదు, బదులు వచ్చినా తనకు ఒకటే, రాకపోయినా ఒకటే అని.

అప్పుడు తిరిగాడు. గుహ నోట్లో ఎవరూ లేరు.

"సంధ్యా!" అన్నాడు. గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకు తెలియదు. "సంధ్యా! ఓ బిడ్డా!"

నిశ్శబ్దం. ఆయనకు అది కొత్త కాదు, ఇన్నేళ్ళూ దానితోనే కాపురం చేశాడు. దాన్ని చూసి వణికిపోవడం మాత్రం ఆ రాత్రే. 'వస్తన్న బాపూ' అంటోందేమో. 'కాపాడు బాపూ' అని అరుస్తోందేమో. లేదా ఏమీ అనడం లేదేమో. మూడూ ఆయనకు ఒక్కలాగే ఉన్నాయి.

టార్చి వేశాడు. వెలుతురులో వానధారలు, తడి బండలు, వంగిన పొదలు. దూరంగా రెండు చుక్కలు మెరిశాయి. చెయ్యి కదిపాడు, చుక్కలు ఆరిపోయాయి. ఆకు మీది నీళ్ళో, మరేవో. రెండడుగులు బయటికి వేశాడు, కొత్త బూటు జారి మోకాలి మీద పడ్డాడు. ఎటు పోవాలి? ఎడమకా, కుడికా? చెవులున్నవాడు పిలుపు వచ్చినవైపు పోతాడు. తాను తప్పుదారి పట్టి ఒక్కో అడుగూ దూరం పోతుంటే, ఆ పిల్ల వెనకనుంచి పిలుస్తూ ఉంటే? 

లోపల నాలుగడుగుల్లో పనిచేసే చెవులు ఆరు, వాన హోరులో, అలసిన నిద్రలో మునిగి ఉన్నాయి. వాటిని లేపాలంటే ఒక్క మాట చెప్పాలి. తండ్రి పేరుకు ముందు ఊరు తగిలించిన మాట. ఆ మాట కోసం ఇంతసేపు ఆలోచించినందుకు ఆయన తరవాత తనను తాను ఎన్నోసార్లు తిట్టుకున్నాడు.

లోపలికి పాక్కుంటూ పోయి పళ్ళెం అందుకున్నాడు. చేతులు నొప్పి పుట్టేలా కొట్టాడు. గరిటె కాడ వంగిపోయింది.

ముగ్గురూ ఒక్క ఉదుటున లేచారు. దివ్య మూలకు పాకి ముడుచుకుంది. మహిపాల్ కాలుతున్న కొమ్మ లాక్కుని గుహ నోటికి ఉరికి, ఎలుగు కోసం చీకట్లోకి ఊపుతున్నాడు. మీసం కింద ఏదో అరుస్తున్నాడు. ప్రశాంత్ పండరి రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తూ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"ఎలుగు కాదు!" అని అరిచాడు పండరి. "నా బిడ్డ బయటికి పోయింది, మళ్ళ రాలే. నాకు ఇనవడది సార్. మీరు చెప్పింది గుడ ఇనవళ్ళే, ఉట్టిగనే తల్కాయ ఊపిన. నేను చెవిటోన్ని. పిలుస్తాందో ఏమో నా బిడ్డ, జర మీరు ఇనుండ్రి. మీ కాళ్ళు మొక్కుత, ఇనుండ్రి!"

కొమ్మ పట్టుకున్న చెయ్యి ఆగింది. ప్రశాంత్ చేతులు భుజాల మీదనుంచి జారాయి. ముగ్గురూ కదలకుండా నిలబడి వింటున్నారు. పండరి టార్చి వాళ్ళ మొహాల మీద వేశాడు. తన కూతురు ఉందో లేదో ఆ మొహాల్లోనే చూసుకోవాలి. మహిపాల్ కనుబొమలు ముడిపడ్డాయి. ప్రశాంత్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపబోయాడు. అంతలో దివ్య చెయ్యి పైకి లేచింది, ఆగమన్నట్టు. ఆమె తల మెల్లగా ఎడమకు తిరిగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కడ! కిందికి!" అన్నాయి ఆ పెదవులు.

గుహ నోటికి ఎడమవైపు, మంచంపట్టెంత దూరం కూడా లేదు, టార్చి వెలుతురు పడని బండ చాటున, రెండు రాళ్ళ నడుమ సందు. సంధ్యారాణి అందులో నడుముదాకా దిగబడి ఉంది. ఒక కాలు కింద ఎక్కడో ఇరుక్కుంది. పైనుంచి వాననీళ్ళు సందులోకే పారుతున్నాయి. చీకట్లో అడుగు తప్పి జారిందన్నమాట. మహిపాల్ బోర్లా పడుకుని చంకల కింద చేతులు వేశాడు, ప్రశాంత్ రాయి కదిలించాడు. పండరి చేయగలిగింది టార్చి పట్టుకోవడమే. కూతురి నోరు బాధతో పెద్దగా తెరుచుకోవడం ఆ వెలుతురులో చూశాడు. ఆ అరుపు కొండంతా వినపడి ఉంటుంది.

లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. మడమ ఉబ్బిపోయింది, ఎముక మాత్రం విరగలేదని మహిపాల్ తడిమి చూసి తేల్చాడు. దివ్య చున్నీ చింపి కట్టు కట్టింది. ప్రశాంత్ మిగిలిన కొమ్మలన్నీ ఒకేసారి నిప్పుల మీద వేశాడు. మంట లేచింది. మహిపాల్ పళ్ళెం తీసుకుని తానే గుహ నోట్లో కూర్చున్నాడు.

సంధ్యారాణి తండ్రినే చూస్తోంది. మంట వెలుతురు మొహం మీద పడేలా కాస్త జరిగింది. ఒక్కో మాట విడివిడిగా అంది.

"సార్‌తోని చెప్పింది ఇన్న బాపూ. నిజమేనా?"

"నిజమే బిడ్డా."

"నేనొచ్చేదాక దారి మీదికి లైట్ పెట్టి ఉంచుమన్న నేను. తల్కాయ ఊపినవ్. నేను రెండడుగులు ఏసిన్నో లేదో బంద్ చేసినవ్."

పండరి తల వంచుకోబోయాడు. వంచుకుంటే మిగతాది తెలియదు. అందుకని తలెత్తే ఉంచాడు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"పడంగనే ఒర్రిన. నువ్వు దగ్గినవ్, అది గుడ నాకు ఇనవడ్డది, గంత దగ్గర్నే ఉన్న. నువ్వు సంధ్యా అన్నప్పుడల్ల 'ఆఁ బాపూ, ఆఁ బాపూ' అన్కుంట పలుకుతనే ఉన్న. నీకు నా మీద కోపమొచ్చి రాకుంట ఉన్నవేమో అనుకున్న. అటెన్క పైన బండ మీద ఏదో నల్లగ కదిలింది. గప్పుడు భయమై నోరు మూసుకున్న. నువ్వు పళ్ళెం కొట్టినంకనే మళ్ళ నోరు తెరిసిన."

ఆ నల్లటిది ఏమిటో, కొమ్మో, నీడో, మరొకటో తెల్లారాక కూడా ఎవరూ తేల్చలేదు. కానీ ఆయన కళ్ళముందు ఆ బండా, దానికింద తన పిల్లా, గుహలో గోడ వైపు మొహం తిప్పుకుని కూర్చున్న తానూ, ఆ రాత్రికే కాదు, ఎప్పటికీ ఉండిపోయాయి.

"ఎప్పటి సంది?" అంది ఆమె.

"నువ్వు హైదరాబాద్ పోయిన సంది కొద్దికొద్దిగ. మొత్తానికి పోయి శాన రోజులాయె. మీ అమ్మకు ఎర్కే. నేనే చెప్పొద్దన్న."

"మరి నేను ఇంట్ల మాట్లాడితే జవాబు చెప్తవ్ గదా?"

"నీ మూతి చూసి చెప్త."

సంధ్యారాణి ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత అడిగింది. "మరి నా గొంతు?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ పండరిని అడగలేదు, సరస్వతి కూడా. తనను తాను కూడా అడుక్కోలేదు. అయినా జవాబు సిద్ధంగానే ఉంది.

"నువ్వు పదో తరగతిల ఉన్నప్పటిది యాదికున్నది బిడ్డా. పొద్దుగాల పాఠం గట్టిగ సదువుకుంటుంటివి సూడు, గది. నీ మూతి కదిలినప్పుడల్ల గా గొంతే పెట్టుకుంట. ఇప్పుడు ఎట్లున్నదో నాకు ఎర్క లేదు."

ఆమె మొహం ముడుచుకుపోయింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. కూతురు ఏడుస్తోందని పండరికి తెలుస్తూనే ఉంది. లోలోపల ఏడుస్తోందో, గట్టిగా ఏడుస్తోందో మాత్రం తెలియలేదు. దివ్య వైపు చూశాడు. ఆ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. గట్టిగానే ఏడుస్తోందని అర్థం చేసుకున్నాడు.